చందా మన బాధ్యత, వైద్యం మన హక్కు

మన విద్యార్థికి కేన్సర్ అని తెలియగానే వాట్సాప్ గ్రూపుల్లో ఒక విజ్ఞప్తి తిరగడం మొదలవుతుంది. ఫోటో, రిపోర్టు, క్యూఆర్ కోడ్, కింద 'దయచేసి సాయం చేయండి'. ఈమధ్య నాకు వచ్చినది ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ నుంచి. రైల్వే కాలనీ పక్క బస్తీలో ఉండే తెలుగు మాల కుటుంబం. కుర్రాడు డిగ్రీ రెండో ఏడు. రక్త కేన్సర్. పేరు రాయను, అతని జబ్బును ఇంకోసారి ప్రదర్శనకు పెట్టాల్సిన పనిలేదు. డబ్బు పంపాను. ఇలాంటివి వస్తే మీరూ పంపండి. కానీ అతను చేయి చాచాల్సిన స్థితి ఎలా వచ్చిందో అడగకుండా పంపి ఊరుకుంటే సరిపోదు.

అతని తాత శ్రీకాకుళం జిల్లా నుంచి వెళ్లి రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా పనిచేశాడు. పర్మినెంటు ఉద్యోగం కాబట్టి ఇంట్లో ఎవరికి జబ్బు చేసినా రైల్వే ఆస్పత్రి ఉండేది. తండ్రి ఒక కాంట్రాక్టర్ కింద బోగీలు కడుగుతాడు. బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వే కేంద్రం. దేశంలో ఎక్కువ సరుకు, ముఖ్యంగా బొగ్గు, లోడ్ చేసే డివిజన్లలో ఒకటి. అంటే ఆదాయం తగ్గి ఉద్యోగాలు పోలేదు, పనిని కాంట్రాక్టుకిచ్చి తీసేశారు. కాంట్రాక్టులో రిజర్వేషన్ లేదు, రైల్వే వైద్యం లేదు. ఈఎస్ఐ కట్టాలని చట్టం ఉంది. కట్టావా అని కాంట్రాక్టర్‌ని అడిగితే ఉన్న పని పోతుందని భయం. రిజర్వేషన్ పోయిందంటే మనం ఉద్యోగాల లెక్కే తీస్తాం. ఉద్యోగంతో పాటు ఆస్పత్రి కూడా పోయిందని ఇలాంటి విజ్ఞప్తి చెబుతుంది.

రెండోది సర్టిఫికెట్. తెనాలిలో పుట్టి, తండ్రి ఉద్యోగం వల్ల బొంబాయి చేరిన ఒక ఎస్టీ విద్యార్థి మెడికల్ సీటు కోసం కోర్టుకెళ్లాడు. ఆ మర్రి చంద్రశేఖరరావు కేసులో 1990లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, ఒక రాష్ట్రపు ఎస్సీ, ఎస్టీ హోదా వలస వెళ్లిన రాష్ట్రంలో చెల్లదని తేల్చింది. కులం మాత్రం మనతోపాటే రైలెక్కి వస్తుంది. కేంద్ర సామాజిక న్యాయ శాఖ కింద ఉన్న డాక్టర్ అంబేద్కర్ వైద్య సాయం పథకంలో కేన్సర్ కూడా ఉంది. దానికి కుల ధ్రువపత్రం, ఆదాయ పత్రం, ఆస్పత్రి ఇచ్చే ఖర్చు అంచనా కావాలి. ఎప్పుడో వదిలొచ్చిన ఊరి తహసీల్దారు ఆఫీసు చుట్టూ ఆ తండ్రి తిరగాలా, కొడుకు మంచం పక్కన ఉండాలా?

ఆయుష్మాన్ కార్డు ఉంది కదా అంటారు. కార్డు ఉంటే కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా వస్తుంది, అదీ ఆస్పత్రిలో చేరితే. జబ్బేమిటో తేలక ముందు నెలల తరబడి బయట చేయించిన పరీక్షలు అందులో రావు. రాయపూర్ అంబేద్కర్ ఆస్పత్రి దగ్గరో ముంబై టాటా మెమోరియల్ దగ్గరో గది అద్దె, తోడున్నవాళ్ల తిండి, తల్లి పోగొట్టుకున్న కూలి అసలే రావు. స్లీపర్, థర్డ్ ఏసీల్లో కేన్సర్ రోగికి రైల్వే పూర్తి రాయితీ ఇస్తుంది, తోడు వెళ్లేవారికి 75 శాతం. రైలు దిగాక ఎక్కడ ఉండాలో ఎవరూ చెప్పరు. విజ్ఞప్తుల్లో అడిగే డబ్బులో చాలా భాగం ఇదే.

క్రౌడ్‌ఫండింగ్ ఉందిగా అనే సవర్ణ మిత్రులకు ఒక మాట. అక్కడ డబ్బు జబ్బు తీవ్రతను బట్టి రాదు, పరిచయాలను బట్టి వస్తుంది. పరిచయాలు కులాన్ని బట్టి వస్తాయి. అందుకే మన పిల్లల విజ్ఞప్తుల్లో మార్కులు కూడా రాస్తారు, 'మెరిట్ స్టూడెంట్' అని. సబ్జెక్టులు తప్పినవాడికి బతికే హక్కు లేదా?

బాబాసాహెబ్ 1913లో బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో కొలంబియా వెళ్లారు. గడువు ముగియడంతో 1917లో లండన్ చదువు మధ్యలో వదిలి రావాల్సివచ్చింది. దాత దయ మీద నడిచే చదువు ఎక్కడ ఆగుతుందో ఆయనకు తెలుసు. వైస్రాయ్ కౌన్సిల్‌లో ఉన్నప్పుడు షెడ్యూల్డ్ కులాల విద్యార్థులకు ప్రభుత్వ స్కాలర్‌షిప్‌ల కోసం పట్టుబట్టారు. 1944లో పోస్ట్‌మెట్రిక్ పథకం మొదలైంది. కాన్షీరామ్ 1984లో తొలిసారి లోక్‌సభకు పోటీ చేసింది బిలాస్‌పూర్ పక్కనున్న జాంజ్‌గీర్ నుంచే. చదువుకున్నవాళ్లు సమాజానికి తిరిగి ఇవ్వాలని ఆయన అన్నది దానం చేసి ఇంటికి పొమ్మని కాదు, సంఘం కట్టమని.

కాబట్టి చందాతో పాటు చేయాల్సిన పనులున్నాయి. చికిత్స కాలంలో 75 శాతం హాజరు నిబంధన పేరుతో పరీక్ష, స్కాలర్‌షిప్ ఆపకూడదని ప్రతి క్యాంపస్‌లో విద్యార్థి సంఘాలు రాతపూర్వక ఉత్తర్వు సాధించాలి. రైల్వేలోని ఎస్సీ, ఎస్టీ ఉద్యోగుల సంఘాలు తమ ప్రమోషన్లతో పాటు, తమ పక్కనే పనిచేసే కాంట్రాక్టు కార్మికుడికి రైల్వే ఆస్పత్రి కావాలని కొట్లాడాలి. వలస దళితుల సర్టిఫికెట్ ప్రశ్నను పార్లమెంటు దాకా తీసుకెళ్లాలి. తెలుగు, హిందీ రెండూ వచ్చిన పరిశోధక విద్యార్థి ఒక్కరైనా అలాంటి కుటుంబం పక్కన కూర్చుని దరఖాస్తులు నింపాలి. వలసల మీద పేపర్లు రాసే మనకు ఆ మాత్రం తీరిక ఉండాలి.

జై భీమ్.