సూక్ష్మజీవుల జమాఖర్చు ఎవరి పద్దు?

రాజోలి మండలం పెద్ద ధన్వాడలో ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని 2025 జూన్‌లో రైతులు తిరగబడినప్పుడు నా మిత్రుడొకడు నాతో ఒక మాట అన్నాడు. అతను సైన్సు చెప్పే ఉపాధ్యాయుడు, అభ్యుదయవాదినని చెప్పుకునేవాడు. "వీళ్ల భయమంతా అజ్ఞానం. తుంగభద్రలో కోటానుకోట్ల బాక్టీరియా వున్నది. మనం ఏం పోసినా అది అలవాటు పడుతుంది, తినేస్తుంది. ప్రకృతి సర్దుకుంటుంది" అన్నాడు. ఆ ఫ్యాక్టరీ మంచిచెడ్డలు వేరే తేల్చుకోవలసిన విషయం. ఇథనాల్ ఫ్యాక్టరీ మందుల ఫ్యాక్టరీ కాదు గనక రెంటినీ నేను ఒకే గాటన కట్టను. నా తగవల్లా "ప్రకృతి సర్దుకుంటుంది" అన్న ఆ చివరి మాటతో.

బాక్టీరియా అలవాటు పడుతుందన్నది ఒక విధంగా నిజమే. మనకు జన్యువులు తల్లిదండ్రుల నుంచి తప్ప రావు. బాక్టీరియాకు ఆ నిర్బంధం లేదు. పక్కదాని నుంచి తీసుకుంటుంది, చచ్చినదాని నుంచి తీసుకుంటుంది, వైరస్ మోసుకొచ్చిన ముక్కనూ తనలో కలుపుకుంటుంది. 1928లో గ్రిఫిత్ చచ్చిన న్యుమోనియా బాక్టీరియా గుణం బతికినదానికి అంటుకోవడం చూశాడు. అలా అంటుకున్న పదార్థం డి.ఎన్.ఏ. అని 1944లో ఏవరీ, అతని సహచరులు చూపారు. రక్తవిరేచనాలు కలిగించే బాక్టీరియాకు మందులను తట్టుకునే శక్తి మరో జాతి పేగు బాక్టీరియా నుంచి సంక్రమించగలదని 1959లో జపాన్‌లో తేలింది. రాజోలి మగ్గం మీద నూలు చీరకు పట్టు అంచు కలిపినట్టు, పాత జన్యువుల పక్కన పరాయి జన్యువులు చేరుతాయి. కాని నేతగాడికి తాను కలుపుతున్నదేమిటో తెలుసు. బాక్టీరియాకు తెలియదు.

ఈ తేడాను మనవాళ్లే మరిచిపోతున్నారు. "బాక్టీరియా అవసరాన్నిబట్టి జన్యువులు సంపాదించుకుంటుందంటే లైసెంకో చెప్పింది నిజమేగా?" అని ఒక విద్యార్థి ఉత్సాహంగా అడిగాడు. కాదు, ముమ్మాటికీ కాదు. అవసరం జన్యువును పుట్టించదు. రావడం గుడ్డిగా వస్తుంది, పరిస్థితులు దాన్ని నిలబెడతాయి, లేదా తుడిచేస్తాయి. ఈ సంగతిని సిద్ధాంతంతో కప్పిపుచ్చబోయి, 1943లో వవిలోవ్‌ను జైల్లో చావనిచ్చి, 1948లో మాస్కోలో జన్యుశాస్త్రాన్నే బూర్జువా శాస్త్రమని వెలివేసిన చరిత్ర మనకున్నది. ఆ బాకీ తీర్చకుండా ఎదటివాణ్ణి అశాస్త్రీయుడనే హక్కు మనకు లేదు.

వచ్చేదే కాదు, పోయేదీ వున్నది. కుష్ఠు బాక్టీరియా జన్యువులను 2001లో పూర్తిగా చదివారు. దాని దాయాది అయిన క్షయ బాక్టీరియాకు సుమారు 4,000 జన్యువులుంటే, దీనికి పనిచేసేవి సుమారు 1,600. మరో 1,100కు పైగా శిథిలాలుగా పడివున్నాయి. మనిషి కణంలోనే కాపురం గనక అక్కడ దొరికేదాన్ని తాను తయారుచేసుకోనక్కర్లేదు. పరిణామమంటే పైపైకి ఎక్కే మెట్లని పాఠం చెప్పేవాళ్లు ఈ శిథిలాలను ఏ మెట్టు మీద పెడతారో!

ఈ రాకపోకలకు శాస్త్రజ్ఞులు గణిత నమూనాలు కట్టారు. అనేక బాక్టీరియాల జన్యువుల జాబితాలు తీసుకుని, వాటిని వంశవృక్షం మీద పరిచి, ఏ కొమ్మలో ఏ జన్యువు చేరివుంటుంది, ఏ కొమ్మలో జారిపోయి వుంటుంది అని సంభావ్యత లెక్కిస్తారు. అందులో కీలకమైనవి రెండు అంకెలు: జమ రేటు, ఖర్చు రేటు. సరళమైన నమూనాల్లో ఇవి అన్ని కొమ్మలకూ ఒకటే. మెరుగైనవాటిలో కొమ్మకొక రేటు. పనికొచ్చే లెక్కే, దాన్ని తప్పుపట్టను. అయితే ఆ రేటు ఫలానా చోట అంత ఎందుకున్నదో లెక్క చెప్పదు. అందుకు కాగితం వదిలి వాగు దగ్గరికి పోవాలి.

పటాన్‌చెరు పోదాం. అక్కడ 90 దాకా మందుల ఫ్యాక్టరీల మురుగును ఒకచోట చేర్చి శుద్ధిచేసే కేంద్రం నుంచి వెలువడిన నీటిని స్వీడన్ శాస్త్రజ్ఞులు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రకటించారు. సిప్రోఫ్లాక్ససిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా వున్నది. ఆ మందు మింగిన రోగి రక్తంలో కూడా అంత వుండదు! అది శుద్ధి అయిన నీరు సుమా. ఇసకవాగు అడుగుమట్టిలో మందులను తట్టుకునే జన్యువులూ, వాటిని మోసుకు తిరిగే ప్లాస్మిడ్ల వంటి వాహనాలూ ఎంత దట్టంగా వున్నాయో 2011లో బయటపడింది. 2013లో ఆ శుద్ధి కేంద్రంలోని 93 బాక్టీరియా రకాలను 39 మందులతో పరీక్షిస్తే, 86 శాతం 20 లేదా అంతకు మించిన మందులను తట్టుకున్నాయి.

నా మిత్రుడు గమనించవలసింది ఇక్కడే. "బాక్టీరియా తినేస్తుంది" అన్న సూత్రం మీదనే అటువంటి కేంద్రాలు నడుస్తాయి. బాక్టీరియా బలంగా పనిచెయ్యాలని అక్కడ మనుషుల మురుగు కూడా కలిపారు. అనగా పేగుల్లో వుండే బాక్టీరియానూ, దాన్ని చంపే మందులనూ ఒకే తొట్టిలో పోసి కలియబెట్టారన్నమాట. బాక్టీరియా సర్దుకున్నది, నిజమే. అది సర్దుకోవడమే మనకు చేటు.

జమ రేటు ఇలా పెరిగితే ఖర్చు రేటు దానంతటది సరిచేస్తుందా? మందు లేనిచోట ఆ జన్యువులు బరువు గనక కొంతవరకు జారిపోతాయి. కాని ఒకే ప్లాస్మిడ్ మీద నాలుగైదు మందులకు విరుగుళ్లుంటే, వాటిలో ఏ ఒక్క మందు నీళ్లలో వున్నా తక్కినవన్నీ నిలుస్తాయి. బాక్టీరియా ఆ బరువు మోయడానికి ఇతర మార్పులతో తయారవుతుంది కూడా.

అయినా మందులు పనిచెయ్యకపోతే ముద్దాయి ఎవరు? చీటీ లేకుండా మాత్రలు కొన్న కూలివాడు! పేదవాడి అజ్ఞానం మీద ఎన్ని ఉపన్యాసాలు! అలా కొనడం మంచిదని నేననను. డాక్టరుకిచ్చే డబ్బు అతనికి లేదన్న సంగతి మాత్రం గుర్తుచేస్తాను. అతను మింగేది మిల్లీగ్రాముల్లో లెక్క. పటాన్‌చెరు కేంద్రం నుంచి ఒక్కరోజులో కిలోల లెక్కన పోయిందని అదే శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. మందుల ఫ్యాక్టరీల మురుగులో ఆంటిబయాటిక్కులకు పరిమితులు పెడుతూ కేంద్రప్రభుత్వం 2020 జనవరిలో ముసాయిదా ప్రకటించింది. 2021లో తుది నిబంధనలు వచ్చేసరికి ఆ పరిమితులు మాయమైనాయి. ఇది ఏ ప్రకృతి సర్దుబాటు?

రాజోలి చుట్టుపక్కల విద్యార్థులనూ ఉపాధ్యాయులనూ నేనడిగేది చిన్న పని. తుంగభద్ర ఒడ్డున ఏ ఫ్యాక్టరీ వస్తానన్నా, అది రాకముందే, దాని మురుగు కలవబోయే చోటుకు ఎగువన ఒక సీసా, దిగువన ఒక సీసా నది మట్టి తీయించి, ఊరివాళ్ల ఎదట ముద్ర వేయించి, పరీక్షకు పంపించండి. ఏడాది తిరిగాక మళ్లీ తీయించండి. నా మిత్రుణ్ణి కూడా వెంట తీసుకుపొండి. సీసాలు అతనే పట్టుకుంటాడు.