ట్రిక్సీ మన పొలం దాకా రావాలంటే

డెబియన్ 13 వచ్చింది. పేరు ట్రిక్సీ, 2025 ఆగస్టు 9న రిలీజ్ అయింది. డెబియన్ వాళ్లు ప్రతి రిలీజ్‌కీ టాయ్ స్టోరీ సినిమాల్లోని ఒక పాత్ర పేరు పెడతారు, ఈసారి ఆ నీలం రంగు డైనోసార్ వంతు. కంటైనర్‌ని దీనికి మార్చడం ఎలా అని మన క్లాస్‌లో ఎవరినడిగినా ఒకటే జవాబు: "డాకర్‌ఫైల్‌లో ఫస్ట్ లైన్ మార్చు, బిల్డ్ కొట్టు, అంతే." ల్యాప్‌టాప్ మీద నిజంగానే అంతే. పొలంలో, స్టార్టర్ పెట్టె పక్కన దుమ్ము తింటూ కూర్చున్న చిన్న బోర్డు మీద మాత్రం అంత కాదు.

నా వాదన సూటిగా చెప్తాను. అప్‌గ్రేడ్ చేసే దారి లేని డివైస్‌ని మనం రైతు దగ్గర బిగించి రాకూడదు. డెమోకి మార్కులు వేసేవాళ్లు దీనికి కూడా వేయాలి.

పత్తికొండ వైపు మా చిన్నాయనకు టమోటా తోట ఉంది. సీనియర్ల టీమ్ ఒకటి అక్కడ డ్రిప్ వాల్వులను టైమ్ ప్రకారం తిప్పే సెటప్ పెట్టింది. రాస్ప్‌బెర్రీ పై 3, అందులో డెబియన్ 10 నాటి 32-బిట్ ఓఎస్, దాని మీద ఒక పైథాన్ కంటైనర్. వాళ్లు పాసై బెంగళూరు వెళ్లిపోయారు. తర్వాత వచ్చిన టీమ్ బేస్ ఇమేజ్‌ని కొత్త డెబియన్‌కి మార్చి పంపింది. బిల్డ్‌లో ఒక్క ఎర్రర్ లేదు. రెండో రోజు చిన్నాయన ఫోన్: "ఏమబ్బీ, మీ డబ్బాలో లైటు ఎలుగుతాండాది గానీ నీళ్లు ఇడ్సలేదే." వెళ్లి చూస్తే కంటైనర్ లేస్తోంది, పడిపోతోంది, మళ్లీ లేస్తోంది. టైమ్ చదవడానికే పర్మిషన్ లేదని పైథాన్ ఏడుస్తోంది.

ఇది ఆ ఒక్క బోర్డు జబ్బు కాదు, పాత 32-బిట్ పై బోర్డుల మీద చాలామందికి వచ్చిందే. కారణం చాలా ఇంట్రెస్టింగ్, అందుకే కొంచెం ఆగి చెప్తాను. కంటైనర్‌కి సొంత కెర్నల్ ఉండదు, కింద హోస్ట్‌లో ఉన్నదాన్నే వాడుకుంటుంది. అద్దెకు దిగినవాడు గోడలకు కొత్త రంగు వేయించుకోవచ్చు గానీ పునాది మార్చలేడు కదా, అట్లా. ఇక టైమ్ సంగతి. 1970 నుంచి సెకన్లు లెక్కపెట్టే 32-బిట్ గడియారం 2038 జనవరి 19న నిండిపోతుంది. అందుకని కొత్త లైబ్రరీలు 64-బిట్ టైమ్ కోసం కెర్నల్‌ని కొత్త సిస్టమ్ కాల్‌తో అడుగుతాయి. ట్రిక్సీలో అయితే 32-బిట్ ఆర్మ్ ప్యాకేజీలన్నీ 64-బిట్ టైమ్‌కే మారాయి. కానీ కంటైనర్‌కీ కెర్నల్‌కీ మధ్య సెక్‌కాంప్ అనే కాపలావాడు ఉంటాడు. వాడి దగ్గరున్న లిస్టు హోస్ట్‌లోని లిబ్‌సెక్‌కాంప్‌ది. డెబియన్ 10లో అది 2.3.3 వెర్షన్, దానికి ఈ కొత్త కాల్ పేరే తెలియదు. "అలాంటిది ఇక్కడ లేదు" అని చెప్పి ఉంటే లైబ్రరీ పాత పద్ధతిలో అడిగి టైమ్ తెచ్చుకునేది. వాడేమో "నీకు అనుమతి లేదు" అన్నాడు. దాంతో కథ అక్కడే ఆగిపోయింది.

మందు కంటైనర్ బయట ఉంది. హోస్ట్‌లో లిబ్‌సెక్‌కాంప్‌ని కొత్తది చేయాలి, వీలైతే హోస్ట్‌నే మార్చాలి. 64-బిట్ ఓఎస్ మీద ఈ గొడవ ఉండదు. పై 3 కూడా 64-బిట్ నడపగలదు, కొత్తగా పెట్టేవాళ్లు అదే పెట్టండి.

మిగతా చిక్కులు చిన్నవే. డెబియన్ 12 నుంచి సిస్టమ్ పైథాన్‌లోకి నేరుగా పిప్ ఇన్‌స్టాల్ చేయనివ్వదు, వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ కావాలి. 'లేటెస్ట్' ట్యాగ్ రాసుకున్నవాళ్లకి ఒక పొద్దున బుక్‌వర్మ్ పోయి ట్రిక్సీ వచ్చి కూర్చుంటుంది, కాబట్టి పేరు పెట్టి రాయండి.

"నడుస్తున్నదాన్ని ఎందుకు కెలకాలి?" అని మా రూమ్మేట్ అంటాడు. నెట్ లేకుండా ఒంటరిగా నడిచే డబ్బా అయితే నేనూ ఒప్పుకుంటాను, దాని జోలికి పోవద్దు. కానీ మనం పెట్టేవాటిలో సిమ్ కార్డు ఉంటుంది. డెబియన్ ఒక రిలీజ్‌కి మూడేళ్లు, ఆ పైన ఎల్‌టీఎస్ పేరుతో ఇంకో రెండేళ్లు సెక్యూరిటీ ప్యాచ్‌లు ఇస్తుంది. డెబియన్ 10కి ఆ గడువు 2024 జూన్ 30న అయిపోయింది. ఆ తర్వాత బయటపడే ప్రతి బొక్కా చిన్నాయన మోటారు పక్కన తెరిచే ఉంటుంది.

ఆ సిమ్ కార్డుతో ఇంకో తిరకాసు. బేస్ ఇమేజ్ మారితే దాని పైన కట్టిన లేయర్లన్నీ మళ్లీ డౌన్‌లోడ్ కావాలి. స్లిమ్ ఇమేజ్ ఒక్కటే సుమారు 30 ఎంబీ. పైన ఓపెన్‌సీవీ లాంటిది వేస్తే వందల ఎంబీలు. ఒక్క గీత సిగ్నల్‌లో, ఎప్పుడు పోతుందో తెలియని కరెంటులో అది దిగాలి. దిగాక కూడా పాతదాన్ని చెరపకూడదు, కొత్తది లేవకపోతే వెనక్కి రావాలి కదా. అంటే ఎస్‌డీ కార్డులో రెండిటికీ చోటుండాలి.

ఆ వెనక్కి రావడాన్ని ఎవరూ టెస్ట్ చేయరు. 2021 నవంబర్ 19న చెయ్యేరు వరదకి అన్నమయ్య ప్రాజెక్టు కట్ట కొట్టుకుపోయిన సంగతి కడప జిల్లా వాళ్లకి నేను చెప్పాల్సిన పని లేదు. ఐదు గేట్లలో ఒకటి పనిచేయలేదని కేంద్ర జలశక్తి మంత్రి పార్లమెంటులోనే చెప్పారు. మన డబ్బాల వల్ల ఊళ్లు మునగవు, ఆ పోలిక నేను తేవడం లేదు. తిప్పి చూడని గేటు ఉందనుకుని ధైర్యంగా ఉండటం గురించే నా మాట.

నేను అడిగేది పెద్దదేం కాదు. ప్రాజెక్ట్ రివ్యూలో బుక్‌వర్మ్ మీద నడుస్తున్న బోర్డు తెమ్మనండి. ప్యానెల్ ముందే ట్రిక్సీకి మార్చమనండి. సగం డౌన్‌లోడ్‌లో ప్లగ్ పీకి మళ్లీ పెట్టి, వాల్వు తెరుచుకుంటుందో లేదో చూడండి. టీమ్ పాసై వెళ్లాక దాన్ని ఎవరు చూస్తారో ఒక పేరు రాయించుకోండి. ఈ నాలుగూ ఒక కాగితం మీద రాసి మన హెచ్‌ఓడీ సార్‌కి ఇద్దామనుకుంటున్నా. సంతకం పెట్టేవాళ్లు శుక్రవారం సాయంత్రం క్లబ్ రూమ్‌కి రండి.