వినికిడి పరీక్ష చేయకుండా ఇంటికి పంపొద్దు

‘గండం గడిచింది, ఇంటికి తీసుకెళ్లండి’ అని డాక్టరు చెప్పగానే, ఐసీయూ గుమ్మం ముందు రోజుల తరబడి కూర్చున్న తల్లిదండ్రులకు ప్రాణం లేచొస్తుంది. జ్వరం దిగింది, ఫిట్స్ ఆగాయి, బిడ్డ పాలు తాగుతోంది. నెలలు గడిచాక పిలిస్తే పలకదు. జబ్బుపడి లేచింది కదా, మెల్లగా తేరుకుంటుందిలే అంటారు ఇంట్లో పెద్దవాళ్లు. బిడ్డకు వినబడటం లేదని తెలిసేసరికి ఆలస్యమైపోతుంది.

బ్యాక్టీరియా వల్ల వచ్చే మెనింజైటిస్, అంటే మెదడు పొరల వాపు, సోకినవారిలో ఆరుగురిలో ఒకరు చనిపోతున్నారని, ఐదుగురిలో ఒకరికి తీవ్రమైన సమస్యలు మిగులుతున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కొందరు పిల్లలకు ఫిట్స్ వదలవు. కొందరికి మెదడులో నీరు చేరి తల పెరుగుతుంది. కాలో చెయ్యో పట్టు తప్పుతుంది, చదువు ఎక్కదు. వీటిలో కొన్ని కంటికి కనిపిస్తాయి కాబట్టి ఆస్పత్రికి పరుగెత్తుతారు. వినికిడి పోతే కనిపించదు. ఇంకా మాటలు రాని పసిబిడ్డ అయితే, వినబడటం లేదని చెప్పుకోలేదు కూడా.

ఇక్కడ తొందర ఎందుకంటే, మెదడు పొరల్లోని ఇన్ఫెక్షన్ లోపలి చెవికి పాకి, శబ్దాన్ని పట్టే సున్నితమైన కణాలను చంపేస్తుంది. ఆ తర్వాత నత్తగుల్ల ఆకారంలో ఉండే కాక్లియా కొందరిలో ఎముకలా గట్టిపడటం మొదలవుతుంది. ఇది వారాల్లోనే మొదలుకావచ్చు. పూర్తిగా పూడుకుపోతే, వినబడేలా చేసే పరికరమైన కాక్లియర్ ఇంప్లాంట్ తీగను లోపలికి పంపడమే కష్టం. పుట్టుచెవుడు ఉన్న బిడ్డకు దొరికే వ్యవధి ఈ బిడ్డకు లేదు.

డిశ్చార్జికి ముందే, కుదరకపోతే నాలుగు వారాల్లోపు, వినికిడి పరీక్ష చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో మార్గదర్శకాలిచ్చింది. వాటిని మన ప్రభుత్వాలు సలహాగా కాదు, నిబంధనగా తీసుకోవాలి. ‘బెరా’ పరీక్షకు కోత లేదు, నొప్పి లేదు. తలకు తీగలు అంటించి, నిద్రపోతున్న బిడ్డకే చేసేయవచ్చు. ప్రాణం కాపాడటానికి అంత ఖర్చు పెట్టి, ఈ ఒక్క పరీక్ష దగ్గర చేతులెత్తేయడాన్ని మేము ఒప్పుకోలేం.

టీకాలున్నాయి కదా అనవచ్చు. నిజమే, హిబ్ టీకా పెంటావాలెంట్‌లో ఉంది. న్యూమోకోకల్ టీకాను 2021 నుంచి దేశమంతటా 6 వారాలకు, 14 వారాలకు, 9 నెలలకు ఉచితంగా వేస్తున్నారు. ఒక్క డోసూ తప్పకూడదు. కానీ అవి అన్ని సూక్ష్మజీవులనూ ఆపలేవు. నెల నిండని పసికందుల్ని పట్టే బ్యాక్టీరియా వేరు.

మెనింజైటిస్ నుంచి లేచిన ప్రతి బిడ్డ డిశ్చార్జి కాగితం మీద వినికిడి పరీక్ష ఫలితం ఉండాలి. లోపం తేలితే ఆస్పత్రే జిల్లా సత్వర చికిత్స కేంద్రానికి కబురు పంపాలి. కూలి మానుకుని తిరిగే పని తల్లిదండ్రులది కాకూడదు. ఇంప్లాంట్ అవసరమైతే ఆ ఫైలును మామూలు వరుసలో పెట్టకుండా, అత్యవసర ఆపరేషన్‌కు ఇచ్చినట్టే వెంటనే అనుమతి ఇవ్వాలి.