మీటల వెనుక అక్షరం

పూర్వం తాళపత్ర గ్రంథాలకు నకళ్ళు రాసి జీవించే లేఖకులు ఉండేవారు. వారిలో ఒకనికి మూలప్రతిలో ఒకచోట ఆకుకు అతుక్కుని ఎండిపోయిన ఈగ కనిపించిందట. తన నకలులో లోపమేదీ ఉండరాదన్న పట్టుదలతో అతడు మరొక ఈగను పట్టి చంపి, సరిగ్గా ఆ అక్షరం పక్కనే అతికించాడట. ‘మక్కికి మక్కి’ అన్న పలుకుబడికి పెద్దలు చెప్పే కథ ఇది. మక్కి అంటే ఈగ. కథ జరిగిందో లేదో తెలియదు గాని, కళాశాలల కంప్యూటర్ ప్రయోగశాలల్లో అది నేటికీ జరుగుతూనే ఉంది.

ఇంటర్మీడియెట్ దాటి డిగ్రీలో అడుగుపెట్టిన విద్యార్థికి, అతడు చదివేది చరిత్ర కావచ్చు, వాణిజ్యశాస్త్రం కావచ్చు, కంప్యూటర్ ప్రాథమిక పరిచయం ఏదో ఒక పేరుతో ఎదురవుతుంది. దానికొక రికార్డు పుస్తకం ఉంటుంది. మొదట ఈ మీట నొక్కవలెను, పిమ్మట ఆ మెనూ తెరవవలెను, ఆపైన ఫలానా మాటపై క్లిక్ చేయవలెను అని అందులో వరుసగా రాయవలసి ఉంటుంది. సీనియర్ల రికార్డు చేతికి వస్తే ఆ పని ఒక్క రాత్రిలో పూర్తవుతుంది. అందులోని అక్షరదోషాలు కూడా భద్రంగా కొత్త పుస్తకంలోకి చేరుతాయి. ప్రయోగ పరీక్షనాడు విద్యార్థి ఆ వరుసను ఒప్పజెప్పినట్లుగా మీటలు నొక్కి, మార్కులు తెచ్చుకుని వెళ్ళిపోతాడు. మరుసటి ఏడాది ఎవరైనా అతనిచేత ఒక దరఖాస్తు రాయించి, ఫైలుగా పంపమంటే వీధి చివరి నెట్ సెంటర్‌కు పరుగెత్తుతాడు.

ఈ చదువులోని లోపం విద్యార్థి సోమరితనంలో లేదు. నేర్పుతున్న వస్తువులోనే ఉంది. మెనూల వరుస విద్య కాదు. అది ఒక సంస్థ ఒక సంవత్సరంలో చేసుకున్న ఏర్పాటు మాత్రమే. మైక్రోసాఫ్ట్ సంస్థ ఆఫీస్ 2003 వరకు వాడిన మెనూల పద్ధతిని ఆఫీస్ 2007లో తీసివేసి, రిబ్బన్ అనే పట్టీని ప్రవేశపెట్టింది. అంతకుముందు ఫైల్ మెనూలో ఉన్న పేజీ సెటప్ మరొక చోటికి మారిపోయింది. ఆ వరుసలను కంఠస్థం చేసి ఉత్తీర్ణులైనవారి జ్ఞానం ఒక్క మార్పుతో చెల్లని నాణెమైంది. ఫ్లాపీని ఎలా పెట్టాలి, ఎలా తీయాలి అని పుటలకు పుటలు రాసినవారి సంగతి చెప్పనే అక్కరలేదు. పేజీకి అంచులు ఎందుకుండాలో, పేరా అంటే ఏమిటో తెలిసినవాడు మాత్రం కొత్త పట్టీలో పావుగంట వెదికి తనకు కావలసినది తీసుకోగలిగాడు.

అయితే మీటల వెనుక ఉన్నది విద్యార్థికి ఎట్లా చూపించాలి? విద్యుత్ మార్గాలతో, ద్వ్యంశ గణితంతో ఆరంభిస్తే సాహిత్య విద్యార్థి మొదటి వారమే వెనుదిరుగుతాడు. తెలుగు విద్యార్థికి ఇంతకంటె దగ్గరి దారి ఒకటి ఉంది. అది అతని సొంత లిపి. విచిత్రమేమంటే, కంప్యూటర్ తరగతిలో అడుగుపెట్టిన క్షణం నుంచి ఆ లిపినే బయట విడిచి రమ్మంటున్నారు. కోర్సు పూర్తిచేసిన విద్యార్థులలో ఎందరు ఆ యంత్రంపై తమ పేరును తెలుగులో రాయగలరో ఒక్కసారి అడిగి చూస్తే స్థితి బోధపడుతుంది.

యంత్రానికి అక్షరం తెలియదు, సంఖ్యలే తెలుసు. ఆంగ్లంలోని మొదటి పెద్ద అక్షరం దాని లెక్కలో 65. తెలుగుకు యూనికోడ్ అనే అంతర్జాతీయ ప్రమాణంలో, 1991లో వెలువడిన దాని తొలి సంపుటం నుంచే, స్థానం ఉంది. 3072 మొదలు 3199 వరకు 128 గడులు తెలుగు లిపికి కేటాయించారు. వాటిలో ‘క’ 3093వ గడిలో, ‘ష’ 3127వ గడిలో, పొల్లు గుర్తు 3149వ గడిలో ఉన్నాయి. మరి ‘క్ష’ ఎక్కడ? దానికి ప్రత్యేకంగా గడి లేదు. ‘క’, పొల్లు, ‘ష’ అనే మూడు సంఖ్యలు వరుసగా వస్తే దానిని ‘క్ష’గా చూపించాలని యంత్రానికి చెప్పి ఉంచారు. పొల్లు వచ్చి ‘క’లోని అకారాన్ని తొలగిస్తుంది, తరువాతి హల్లు వచ్చి దానితో కూడుతుంది. వ్యాకరణ తరగతిలో నల్లబల్లపై సంయుక్తాక్షరాన్ని విడదీసి చూపే పనినే యంత్రం నిశ్శబ్దంగా చేస్తున్నదన్నమాట. ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరం దాని జ్ఞాపకంలో స, పొల్లు, త, పొల్లు, ర, ఈకార చిహ్నం అనే ఆరు సంఖ్యలు. చాలా సాఫ్ట్‌వేర్లలో ఆ అక్షరం తరువాత చెరిపే మీటను ఒకసారి నొక్కితే గుడి దీర్ఘం మాత్రమే పోయి ‘స్త్ర’ మిగలడం విద్యార్థి కళ్ళారా చూడవచ్చు.

ఈ ఒక్క దృష్టాంతం పట్టుబడితే ఎన్నో చిక్కుముళ్ళు వాటంతట అవే విడిపోతాయి. సెల్‌ఫోన్ సంక్షిప్త సందేశం ఆంగ్లంలో 160 అక్షరాలు పట్టగా, తెలుగులో రాస్తే 70 సంకేతాలతో ఎందుకు నిండిపోతుంది? సందేశానికున్న చోటు 140 బైట్లు. ఆంగ్ల అక్షరానికి ఏడు బిట్లు చాలు, తెలుగు సంకేతానికి పదహారు బిట్లు కావాలి. మిగిలినది ఎనిమిదో తరగతి లెక్క. ‘స్త్రీ’ అని రాస్తే ఆ 70లో ఆరు ఖర్చయిపోతాయన్నది అందులోనే తేలుతుంది. అట్లే, పేర్ల పట్టికను అకారాదిగా అమర్చమంటే కొన్ని సాఫ్ట్‌వేర్లు ‘ళ’ను ‘వ’కంటె ముందు పెడతాయి. అది యంత్రం తెలివితక్కువతనం కాదు. భారతీయ లిపులన్నిటికీ ఉమ్మడిగా తయారైన ఇస్కీ అనే ప్రమాణంలోని వరుసనే యూనికోడ్ అనుసరించింది. అందులో ‘ల’ పక్కనే ‘ళ’ ఉంది, ‘ర’ పక్కనే ‘ఱ’ ఉంది. గడుల సంఖ్యల ప్రకారం అమర్చే యంత్రానికి మన వర్ణమాల వేరొక వరుసలో నడుస్తుందని ఎవరో ఒకరు చెప్పాలి. చెప్పవలసినవారికి ముందుగా వర్ణమాల తెలిసి ఉండాలి.

సంకేతం వేరు, రూపం వేరు అన్న భేదం తెలియక తెలుగువారు నష్టపోయిన ఉదంతం కూడా ఉంది. యూనికోడ్ వాడుకలోకి రాకమునుపు అచ్చుపనులకు తయారైన తెలుగు ఫాంట్లలో ఆంగ్ల అక్షరాల గడులలోనే తెలుగు ముక్కలను, అంటే తలకట్లను, కొమ్ములను, ఒత్తులను కూర్చేవారు. తెరపై చూడ చక్కని తెలుగే, యంత్రం లెక్కలో మాత్రం అర్థంలేని ఆంగ్లాక్షరాల పోగు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో ఫైలు తెరిస్తే ఆ పోగే బయటపడేది. అంతర్జాలంలో ఒక పత్రిక చదవాలంటే ఒక ఫాంటు, మరొక పత్రికకు మరొక ఫాంటు దింపుకోవలసిన రోజులు గడిచాయి. ఆ పద్ధతిలో కూర్చిన పుస్తకాలు, వ్యాసాలు, పరిశోధన గ్రంథాలు ఇంకా ఎన్నో ఫైళ్ళుగా పడి ఉన్నాయి. వాటిలో ఒక మాటను వెదకడం సాధ్యం కాదు, ప్రత్యేకమైన మార్పిడి సాధనాలు లేనిదే వాటిని తిరిగి వాడుకోవడమూ సాధ్యం కాదు. తాళపత్రాన్ని చెద తినడానికి ఏళ్ళు పట్టింది. ఈ ఫైళ్ళకు అంత గడువు కూడా దొరకలేదు. నేటి ఫాంట్ల జాబితాలో పెద్దన, తిమ్మన, ధూర్జటి అనే పేర్లు ఉచితంగా లభించే తెలుగు ఫాంట్లకు ఉన్నాయి. ఆ పేరుగల మహాకవులెవరో తెలియకుండానే వాటిని ఎంచుకుని శుభలేఖలు అచ్చువేసేవారు కూడా ఉన్నారు. అది వేరే విచారం.

ఇక్కడ ఒక ఆక్షేపణ వినిపిస్తుంది. ఉద్యోగం ఇచ్చేది ఆంగ్లం, యంత్రం మాట్లాడేది ఆంగ్లం, అటువంటప్పుడు తెలుగులో టైపు చేయడం నేర్చి ప్రయోజనమేమిటని అడుగుతారు. ఈ ఆక్షేపణలో నిజం లేకపోలేదు. సాఫ్ట్‌వేర్ పరిశ్రమలో ఆంగ్లం రానిదే గడవదు. కాని తరగతిలోని విద్యార్థులందరూ సాఫ్ట్‌వేర్ రాయబోవడం లేదు. సచివాలయంలో, పాఠశాలలో, బ్యాంకులో, పత్రికలో, సొంత దుకాణంలో పనిచేయవలసినవారే వారిలో ఎక్కువ. వారి ముందుకు వచ్చే మనుషులు తెలుగులో మాట్లాడతారు, తెలుగులో అర్జీ పెట్టుకుంటారు. మరికొందరు, ఫోనులో నోటితో చెబితే తెలుగు అదే పడుతున్నది కదా అంటారు. పడుతున్నది, నిజమే. పడినదానిలో ‘కల’ ఎక్కడ ‘కళ’ అయిందో చూసి దిద్దడానికి చదువు కావాలి. ఆంగ్ల లిపిలో తెలుగు రాసే అలవాటు ఈ భేదాన్నే తుడిచివేస్తున్నది. అక్కడ ‘కల’, ‘కళ’ రెండూ ఒకే రూపం, తొందరలో రాస్తే ‘కాల’ కూడా అదే రూపం. పైగా అట్లా రాసిన సమాచారాన్ని రేపు ఎవరైనా తెలుగు లిపిలో వెదికితే అది చిక్కే అవకాశం తక్కువ.

సమాచార సాంకేతికతతో వచ్చిన సమస్యల పాఠం కూడా ఇదే తీరున సాగుతున్నది. సమాచార సాంకేతిక చట్టం 2000 అక్టోబరు 17న అమలులోకి వచ్చిందని, 2008లో దానిని సవరించారని విద్యార్థి రాస్తాడు. ఇతరుల పాస్‌వర్డును మోసపూరితంగా వాడటం 66-సి సెక్షన్ కింద నేరమని, దానికి మూడేళ్ళ వరకు జైలుశిక్ష ఉందని కూడా రాస్తాడు. రాసిన సాయంత్రమే నెట్ సెంటర్‌కు వెళ్ళి ప్రవేశ పరీక్ష దరఖాస్తు నింపమని ఆ యజమానికి ఆధార్ సంఖ్యతో సహా అన్నీ అప్పగిస్తాడు. ఈ-మెయిల్ ఖాతా ఆయనే తెరుస్తాడు, పాస్‌వర్డు ఆయనే పెడతాడు, ఒక్కోసారి ఫోను నంబరు కూడా ఆయనదే ఇస్తాడు. కౌన్సెలింగ్ నాటికి ఓటీపీ ఆ ఫోనుకే వెళుతుంది. వెబ్ ఆప్షన్లు ఎవరు పెట్టారో, ఎవరు మార్చారో విద్యార్థికి తెలియదు. రెండేళ్ళు రాత్రింబవళ్ళు చదివి సంపాదించిన ర్యాంకు మరొకరి జేబులో ఉన్నదన్నమాట. ఆ యజమానులలో చాలామంది సహాయబుద్ధి గలవారే. అయినా తాళం చెవి ఎవరి దగ్గర ఉండాలన్న ప్రశ్న వారి మంచితనంతో తీరదు. తన ఈ-మెయిల్ తాను తెరుచుకుని, పాస్‌వర్డు తాను మార్చుకోవడం ప్రయోగశాలలో ఒక్క గంట పని. రికార్డులో దానికి పుట లేదు.

యూపీఐ చెల్లింపులు 2016లో మొదలై నేడు కూరగాయల బండి వరకు వచ్చాయి. డబ్బు పంపేటప్పుడే పిన్ కొట్టాలి, డబ్బు రావడానికి పిన్ అక్కరలేదు అన్న ఒక్క సంగతి ఇంట్లోని పెద్దలకు చెప్పగలిగితే ఎన్నో మోసాలు వాకిలి దగ్గరే ఆగిపోతాయి. మోసపోయినవారు వెంటనే ఫిర్యాదు చేయవలసిన జాతీయ సహాయ సంఖ్య 1930. 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం 18 ఏళ్ళు నిండనివారిని బాలలుగానే పరిగణిస్తుంది. వారి సమాచారం వాడుకోవాలంటే తల్లిదండ్రుల లేదా సంరక్షకుల సమ్మతి ఉండాలంటుంది. అంటే ఇంటర్మీడియెట్ విద్యార్థులలో అధికులు ఈ చట్టం దృష్టిలో బాలలే. ఈ సంగతి పరీక్షకోసం కాక తమకోసం చదవదగినది.

2022 నవంబరులో చాట్‌జీపీటీ వెలువడిన తరువాత మక్కికి మక్కి కథ కొత్త మలుపు తిరిగింది. ఇప్పుడు లేఖకుడు కూడా అక్కరలేదు. వ్యాసం రాయమంటే యంత్రమే రాసిపెడుతుంది. ఒక పద్యం ఎవరిదని అడిగితే తడుముకోకుండా తప్పు పేరు కూడా చెప్పగలదు, అంతే ధీమాతో ఒప్పు పేరు కూడా చెప్పగలదు. రెండింటినీ వేరుచేసే పని చదివేవానిదే. ఆ పనికి పద్ధతి కొత్తగా కనిపెట్టనక్కరలేదు. 1829లో వేమన పద్యాలను అచ్చువేయించిన సి.పి. బ్రౌన్ దొరికిన మొదటి ప్రతినే నమ్మి ఊరుకోలేదు. అనేక ప్రతులు సేకరించి, పండితులచేత పోల్చి చూపించి, పాఠభేదాలు పరిశీలించాడు. ఒకే విషయాన్ని నాలుగు చోట్ల చూసి, ఎక్కడ ఎందుకు తేడా వచ్చిందో అడగడమే ఆ పద్ధతి. ప్రాచీన గ్రంథ పరిష్కర్తలు చేసిన ఈ పనిని కంప్యూటర్ కోర్సులో ఒక ప్రయోగంగా పెట్టవచ్చు. యంత్రం ఇచ్చిన ఒక పుట సమాధానాన్ని గ్రంథాలయంలోని పుస్తకాలతో సరిచూసి, తప్పులను గీత గీసి చూపించమంటే చాలు.

ఇందుకు కొత్త భవనాలు, కొత్త యంత్రాలు అవసరం లేదు. కళాశాలలో ఉన్న కంప్యూటర్లే సరిపోతాయి. భారతీయ లిపులన్నిటికీ ఒకే అమరికగా రూపొందిన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు వాటిలో ముందే ఉంటుంది, అమర్చుకోవడమే తరువాయి. అందులో ఎడమ చేతి కింద అచ్చులు, కుడి చేతి కింద హల్లులు ఉంటాయి గనుక గుణింతం తెలిసినవారికి వేళ్ళు త్వరగా అలవాటుపడతాయి. వారానికి ఒక పీరియడు కంప్యూటర్ అధ్యాపకుడూ తెలుగు అధ్యాపకుడూ ఒకే గదిలో నిలబడి చెప్పాలి. ఒకరు సంకేతాన్ని, మరొకరు అక్షరాన్ని వివరించాలి. ఆ పీరియడును ఏ శాఖ పనిగంటలలో చూపించాలన్నది మాత్రం టైంటేబుల్ వేసేవారు తేల్చుకోవలసిన సంగతి.