కుండీలో ఫెర్న్ మాడిపోతోందా?

నర్సరీలో చూసినప్పుడు ఫెర్న్ ఎంత ముచ్చటగా ఉంటుందో! పచ్చగా, ఒత్తుగా, విప్పిన జడలా వేలాడుతూ... తీరా ఇంటికి తెచ్చాక నెల తిరక్కుండానే ఆకుల కొసలు మాడతాయి. "నా చేతికి మొక్కలు అచ్చిరావమ్మా" అనేస్తాం. చేతిదేం తప్పు లేదండీ. తేడా అంతా నీళ్ళలోనూ, గాలిలోనూ ఉంది.

అరకు వైపు వెళ్ళినవాళ్ళు చూసే ఉంటారు. అనంతగిరి కాఫీ తోటల్లో, చెట్ల నీడన, తడి రాళ్ళ సందుల్లో ఫెర్న్‌లు వాటంతటవే పెరుగుతాయి. నీడ, తడి, చల్లగాలి - ఇవే దాని పుట్టిల్లు. మన మియాపూర్‌లో మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, గాలి పొడిగా ఉంటుంది. అందుకే పుట్టింటి సుఖం కొంచెమైనా మనమే చూపించాలి.

ముందు నీళ్ళ సంగతి. మన అపార్ట్‌మెంట్లలో చాలాచోట్ల బోరు నీళ్ళే గతి. వాటిలోని ఉప్పు మట్టిలో పేరుకుని ఆకుల కొసలు మాడతాయి. కుండీ అంచున తెల్లటి పొర కనిపిస్తే అదే గుర్తు. 2024 ఎండల్లో ట్యాంకర్ల కోసం ఎంత ఎదురుచూశామో మర్చిపోలేదుగా! అందుకని వంటింటి ఆర్‌ఓ ఫిల్టర్ బయటికి వదిలే నీళ్ళను చాలామంది మొక్కలకు పోస్తున్నారు. వాటిలో ఉప్పు ఇంకా ఎక్కువ. వాటిని బాత్‌రూమ్ కడగడానికి వాడండి, ఫెర్న్‌కి మాత్రం వద్దు. ఏసీ నుంచి కారే నీళ్ళలో ఉప్పు ఉండదు, బకెట్లో పట్టి పోయండి. వానాకాలంలో వాననీళ్ళు పడితే మరీ మంచిది.

మట్టి: ఎర్రమట్టి, కొబ్బరిపొట్టు, బాగా చివికిన పశువుల ఎరువు సమానంగా కలిపి, గుప్పెడు ఇసుక చేర్చండి. కొబ్బరిపొట్టును రెండుసార్లు నానబెట్టి పిండాకే కలపాలి. కుండీ అడుగున చిల్లు తప్పనిసరి.

బాల్కనీలో అయితే: పొద్దుటి లేత ఎండ ఒక గంట చాలు. మధ్యాహ్నపు ఎండ తగలకుండా పెద్ద మొక్కల వెనక పెట్టండి. వేసవిలో మట్టి ఆరినప్పుడల్లా, ఒక్కోసారి రెండు పూటలా నీళ్ళు కావాలి. వేలు అంగుళం లోతు గుచ్చి, తడి తగిలితే ఆగండి. రోడ్డు దుమ్ము ఆకులమీద పేరుకుంటుంది, వారానికోసారి నీళ్ళతో కడగండి.

ఇంట్లో అయితే: కిటికీ దగ్గర, వెలుతురు వచ్చేచోట పెట్టండి. ఏసీ గాలి, కూలర్ గాలి నేరుగా తగలకూడదు. పళ్ళెంలో గులకరాళ్ళు పోసి, రాళ్ళు మునగకుండా నీళ్ళుంచి, పైన కుండీ పెడితే చుట్టూ గాలి చెమ్మగా ఉంటుంది. అయితే ఆ నీళ్ళను వారానికి రెండుసార్లు పారబోసి, పళ్ళేన్ని తోమాలి. డెంగీ దోమ గుడ్లు పెట్టేది ఇలాంటి నిలవ నీళ్ళలోనే!

ఆకు వెనక గోధుమరంగు చుక్కలు చూసి, పురుగు పట్టిందని మందు కొట్టేవాళ్ళున్నారు. ఫెర్న్‌కి పూలు, గింజలు ఉండవు. ఆ చుక్కల్లో ఉండేవి దాని వంశం పెంచే సిద్ధబీజాలు. ముగ్గు చుక్కల్లా వరసగా ఉంటే భయపడకండి. కాడల మీద కూడా అక్కడొకటి ఇక్కడొకటి అంటుకుని, గోరుతో గీకితే ఊడివచ్చి, ఆకు జిగురుగా ఉంటే అప్పుడది పొలుసు పురుగు. తడిగుడ్డతో తుడిచేయండి, చాలు. పిల్లలు తిరిగే ఇంట్లో మందులెందుకు?

ఇంకో మాట. ఆస్పరాగస్ ఫెర్న్ అని అమ్మేది అసలు ఫెర్నే కాదు, శతావరి జాతిది. దాని ఎర్రటి కాయలు తింటే వాంతులవుతాయి. చంటిపిల్లలున్న ఇంట్లో అందనంత ఎత్తున పెట్టండి. బోస్టన్ ఫెర్న్‌తో ఆ బెంగ లేదు.

కుండీ నిండా వేళ్ళు అల్లుకుంటే, తొలకరి పడ్డాక జూన్‌లో దుబ్బును కత్తితో రెండుగా కోయండి. ప్రతి ముక్కకీ వేళ్ళు, నాలుగైదు ఆకులు ఉండాలి. రెండు వారాలు నీడలో ఉంచితే నిలదొక్కుకుంటుంది. శ్రావణమాసం పేరంటానికి వచ్చిన ముత్తయిదువకి తాంబూలంతో పాటు ఆ చిన్న కుండీ చేతిలో పెట్టండి. జాకెట్ ముక్క బీరువాలో ఉండిపోతుంది గానీ, మొక్క మాత్రం రోజూ మిమ్మల్ని తలుచుకునేలా చేస్తుంది.