ఎవరి మెట్టు వారిదైన బడి

మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ చుట్టుపక్కల పల్లెల్లో నడిచే చిన్న బడులను మన విద్యాశాఖ అధికారులు ఒకసారి తీరిగ్గా చూసి రావాలి. అక్కడ వేర్వేరు వయసుల పిల్లలు ఒకే గదిలో కలిసి కూర్చుంటారు. పాఠ్యపుస్తకానికి బదులు కార్డులుంటాయి, వాటి వరుసను ‘నిచ్చెన’ పటం చూపిస్తుంది. తాను ఏ మెట్టు మీద ఉన్నాడో పిల్లవాడే చూసుకుని, తన కార్డు తానే తెచ్చుకుంటాడు. పాఠం వచ్చినవాళ్లు రానివాళ్లకు చెబుతారు. జ్వరానికో జాతరకో వారం మానేసిన పిల్ల తిరిగొచ్చి, ఆగినచోటే మొదలుపెడుతుంది. మామూలు బడిలో అయితే ఆ వారం పాఠాలు పోయినట్టే. చదువు మీద బెంగ అక్కడే మొదలవుతుంది. ఈ నిచ్చెన పద్ధతిని 2003లో చెన్నై కార్పొరేషన్ బడులు అందిపుచ్చుకున్నాయి, ఆ తర్వాత తమిళనాడు ప్రభుత్వ ప్రాథమిక బడులన్నిటికీ విస్తరించింది. మన నేల మీద పుట్టిన పద్ధతి మనకెందుకు పనికిరాదు? ఒకరిద్దరు టీచర్లతో అయిదు తరగతులూ నెట్టుకొచ్చే బడులు తెలుగు రాష్ట్రాల్లో ఎన్నో ఉన్నాయి. పిల్లలు తక్కువున్నారని వాటిని మూసెయ్యడం పరిష్కారం కాదు. టీచర్లకు మంచి శిక్షణ, చేతికి కార్డులు, కుదురుకునేందుకు కొన్నేళ్ల వ్యవధి ఇవ్వండి. ప్రతి బిడ్డా తన వేగంతో చదువుకునే ఏర్పాటు చెయ్యడం ప్రభుత్వ బాధ్యత.