అక్షరాలతో పాటు అలకలూ నేర్పుదాం

వారాంతపు తెలుగు బడి అనగానే మనకు గుర్తొచ్చేవి అ ఆలు, గుణింతాలు, ఒత్తులు, ఏడాదికోసారి వేదిక మీద పిల్లలు అప్పజెప్పే పద్యాలు. అవన్నీ కావలసినవే. అయితే వారం పొడుగునా కంప్యూటర్ల ముందు కూర్చుని, సెలవు రోజున సుద్దముక్క పట్టుకునే మాలాంటి వాళ్ళకి కొన్నేళ్ళుగా ఒక సంగతి కనిపిస్తోంది. మన పిల్లలు "క్షేత్రం" అని తప్పు లేకుండా రాస్తారు. "ఏమైందమ్మా, అలా ఉన్నావు?" అని అడిగితే మాత్రం "ఏం లేదు" అన్న రెండు మాటలు దాటి మూడో మాట తెలుగులో రాదు. చెప్పాల్సింది బోలెడుంటుంది, చెప్పే మాటలే ఉండవు.

మనసులో ఉన్నది చెప్పుకోవడానికి కావలసిన తెలుగు నేర్పడం మన బడి మొదటి పనుల్లో ఒకటి కావాలని మా అభిప్రాయం. ఎందుకంటారా?

1977లో సాప్ సంస్థ తన ప్రధాన కార్యాలయాన్ని వాల్డార్ఫ్‌కి తెచ్చింది. 2000లో జర్మనీ ప్రభుత్వం ఐ.టి. నిపుణుల కోసం "గ్రీన్ కార్డు" పథకం పెట్టింది, 2012లో బ్లూ కార్డు వచ్చింది. ఈ దారుల్లో వచ్చిన మనలో చాలామందికి ఆఫీసు పని ఇంగ్లీషుతో గడిచిపోతుంది. బేకరీలో, డాక్టరు దగ్గర సరిపోయేంత జర్మన్ నేర్చుకున్నాం. పిల్లల సంగతి వేరు. మూడేళ్ళకే కిండర్‌గార్టెన్‌కి వెళ్తారు. జర్మన్‌లో పోట్లాడుకుంటారు, జర్మన్‌లోనే రాజీపడతారు. ఇంట్లో వాళ్ళు వినే తెలుగు ఏమిటి? "లే, పళ్ళు తోముకో, తిను, హోంవర్క్ చెయ్యి, ఆ ఫోను పక్కన పెట్టు, పడుకో." మన ఉద్యోగ భాషలో చెప్పాలంటే అన్నీ కమాండ్లే! పధ్నాలుగేళ్ళు వచ్చేసరికి ఆ బిడ్డ దిగులంతా జర్మన్‌లో ఉంటుంది. మన జర్మన్ అంత లోతుకు దిగదు, వాళ్ళ తెలుగు అంత దూరం రాదు. ఒకే బల్ల దగ్గర కూర్చుని భోంచేస్తున్నా మధ్యలో వంతెన ఉండదు.

దీనికి తోడు బడిలో ఒక పద్ధతి, ఇంట్లో ఒక పద్ధతి. ఇక్కడి బడుల్లో రాత పరీక్షలతో పాటు తరగతిలో నోరు విప్పి మాట్లాడటానికీ మార్కులుంటాయి. టీచరు కళ్ళలోకి చూసి "నాకలా అనిపించడం లేదు" అనగలగడం మంచి లక్షణం. అదే పిల్లాడు ఇంటికొచ్చి అదే మాటంటే "పెద్దవాళ్ళకి ఎదురు చెప్తావా?" అంటాం. కొందరు పిల్లలు రెండు చోట్లా చక్కగా ఇమిడిపోతారు. కొందరు బడిలో బిడియస్తుడనీ, ఇంట్లో మొండివాడనీ రెండు పేర్లూ తెచ్చుకుంటారు. "బడిలో ఇలా మాట్లాడాలి, తాతగారితో ఇలా మాట్లాడాలి, రెండూ మర్యాదే" అని వాళ్ళకి విడమరిచి చెప్పాల్సింది మనమే.

నాలుగో తరగతి వచ్చేసరికి ఈ బరువు ఇంకా పెరుగుతుంది. మన బాడెన్-వ్యుర్టెంబెర్గ్ రాష్ట్రంలో ఆ ఏడాదే గిమ్నాజియమా, రియాల్‌షూలెనా, గెమైన్‌షాఫ్ట్స్‌షూలెనా అన్నది తేలాలి. 2012 నుంచి కొన్నేళ్ళపాటు చివరి మాట తల్లిదండ్రులదే. 2024-25 విద్యా సంవత్సరం నుంచి గిమ్నాజియంకి నియమాలు మారాయి. టీచర్ల సిఫారసు, "కొంపాస్ 4" పరీక్ష, తల్లిదండ్రుల కోరిక, ఈ మూడింట్లో రెండు కలవాలి. కలవకపోతే ఇంకో పరీక్ష. తొమ్మిది, పదేళ్ళ పిల్లల మీద ఎంసెట్ ర్యాంకుల కాలంలో పెరిగిన మన భయాలన్నీ వచ్చి కూర్చుంటాయి. గిమ్నాజియం రాకపోయినా తరువాత పైచదువులకి వెళ్ళే దారులు ఈ దేశంలో ఉన్నాయి. ఆ సంగతి మనకు తెలుసు. బిడ్డకు తెలిసేలా చెప్పామా?

చెప్పకపోతే ఏమవుతుందో మన గడ్డ మీదే చూశాం. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చాక ఇరవై మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఫలితాల లెక్కల్లో జరిగిన తప్పుల గురించి పెద్ద గొడవే జరిగింది, జరగాల్సిందే. అలాంటి ప్రాణం పోవడానికి కారణం ఎప్పుడూ ఒక్కటే అయి ఉండదు. కానీ ఒక మార్కుల కాగితం చూసుకున్న రాత్రి "నాకు భయంగా ఉంది" అని ఇంట్లో చెప్పుకోగలిగే అలవాటు ప్రతి బిడ్డకూ ఉండి తీరాలి. ఆ అలవాటు పదిహేడో ఏట మొదలుపెడితే రాదు. మొక్కై వంగనిది మానై వంగునా అన్న సామెత ఇక్కడా వర్తిస్తుంది.

మాటల కొరతా అంటే, తెలుగుకి ఆ లోటు లేదు. అలక చూడండి. అది ఉత్త కోపం కాదు. మనమీద ప్రేమున్న వాళ్ళ మీదే అలుగుతాం, వచ్చి బతిమాలతారన్న నమ్మకంతో అలుగుతాం. సత్యభామ అలకను కూచిపూడి వాళ్ళు తరతరాలుగా ఆడుతున్నారు. పెళ్ళిలో అల్లుడి కోసం అలకపాన్పు కూడా వేశారు మన పెద్దలు! బెంగ అంటే దగ్గరి మనిషి దూరమైతే పిల్లలకు జ్వరం కూడా తెప్పించేది. జర్మన్‌లో ఇంటి మీది బెంగను హైమ్‌వే అంటారు, మన బెంగ అమ్మమ్మ మీద కూడా ఉంటుంది. ఉక్రోషం అంటే ఏమీ చెయ్యలేక కళ్ళలో నీళ్ళు తిరిగే కోపం. ఆటలో ఓడితే ఉడుక్కోవడం, కొత్తవాళ్ళ ముందు బిడియం, కొట్టు ముందు మారాం. వీటన్నిటినీ ఒకే గాటన కట్టి "అల్లరి" అనేస్తే పిల్లలకు తమ మనసు తమకే అర్థం కాదు.

మాటకున్న బలం గురించి శాస్త్రవేత్తలూ పరిశోధించారు. 2007లో లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన మాథ్యూ లీబర్మన్ బృందం పెద్దవాళ్ళకి కోపం, భయం నిండిన ముఖాల బొమ్మలు చూపించి మెదడును స్కాన్ చేసింది. ఆ భావానికి తగిన మాటను ఎంచుకున్నప్పుడు భయానికి స్పందించే అమిగ్డలా అనే భాగంలో అలజడి తగ్గింది. "చెప్పుకుంటే బరువు తగ్గుతుంది" అని మన పెద్దవాళ్ళు స్కానరు లేకుండానే అన్నారు.

మన ఊరి పేరుకీ పిల్లల చదువుకీ ఒక పాత చుట్టరికం కూడా ఉంది. 1763లో ఇక్కడ ఒక మాంసం కొట్టువాడి ఇంట పుట్టిన యోహాన్ యాకోబ్ ఆస్టర్ మనలాగే పొట్ట చేతపట్టుకుని దేశం దాటి, అమెరికాలో కోటీశ్వరుడయ్యాడు. ఊరి పేరూ ఇంటి పేరూ కలిసి న్యూయార్కులో వాల్డార్ఫ్-అస్టోరియా హోటలయింది. ఆ పేరు స్టుట్‌గార్ట్‌లో ఒక సిగరెట్ల ఫ్యాక్టరీకి వచ్చింది. 1919లో ఆ ఫ్యాక్టరీ అధినేత ఎమిల్ మోల్ట్ తన కార్మికుల పిల్లల కోసం రుడాల్ఫ్ స్టైనర్ సారథ్యంలో బడి పెట్టించాడు. ప్రపంచమంతటా ఉన్న వాల్డార్ఫ్ బడులకు అదే మూలం. హైదరాబాదులోని శ్లోక, అభయ బడులు కూడా ఆ కోవలోవే. స్టైనర్ చెప్పిందంతా ఒప్పుకోనక్కరలేదు. బుర్రతో పాటు మనసుకీ చేతులకీ పని ఉండాలన్న మాట మాత్రం, ఆ పేరున్న ఊళ్ళో బడి నడుపుతున్న మనకు గుర్తుండాలి.

ఇక మా ప్రతిపాదన. ఇక్కడి చాలా బడుల్లో వారానికోసారి "క్లాసెన్‌రాట్" జరుగుతుంది. పిల్లలే అధ్యక్షులు. ఒకరు గడియారం చూస్తారు, ఒకరు రాస్తారు. ఫిర్యాదులూ చెప్పుకోవచ్చు, ధన్యవాదాలూ చెప్పుకోవచ్చు. మనకిది కొత్తా? దీన్ని మన ఊళ్ళలో రచ్చబండ అన్నాం. ప్రతి వారం తరగతి చివరి పది నిమిషాలూ రచ్చబండ పెడదాం. ఒకరు మాట్లాడేటప్పుడు మిగతావాళ్ళు వినాలి. ఎవరినీ వెక్కిరించకూడదు. మాట తట్టకపోతే జర్మన్‌లోనే చెప్పవచ్చు, దానికి తెలుగు మాట టీచరు అందిస్తారు. వారానికొక మాట చొప్పున ఏడాదికి ముప్ఫై మాటలు వస్తాయి.

"ఉన్నదే గంటన్నర, అందులో ఒత్తులే పూర్తికావడం లేదు" అని కొందరు తల్లిదండ్రులు అంటారని తెలుసు. న్యాయమైన ప్రశ్నే. కానీ తన మనసుకు పనికొచ్చిన మాటను పిల్లలు మర్చిపోరు. "ఉక్రోషం" అన్న మాట అవసరపడ్డ పిల్లాడికి క్రావడి కూడా దానితో పాటే వస్తుంది.

బడి పది నిమిషాలే ఇవ్వగలదు, మిగతాదంతా ఇంట్లోనే. "ఎన్ని మార్కులొచ్చాయి?" కన్నా ముందు "ఇవాళ ఎవరితో ఆడుకున్నావు?" అని అడుగుదాం. ఏడుస్తూ చెప్తున్నప్పుడు వ్యాకరణం దిద్దవద్దు. ఫలానా వాళ్ళబ్బాయితో పోల్చవద్దు. వీడియో కాల్‌లో తాతయ్యకి పాట పాడి వినిపించమనే బదులు "తాతయ్యా, చిన్నప్పుడు మీకు దేనికి భయం వేసేది?" అని అడగనిద్దాం. మనం కూడా "ఇవాళ ఆఫీసులో చిరాకుపడ్డాను" అని వాళ్ళ ముందు ఒకసారి అందాం. మన నోట వినకపోతే వాళ్ళెక్కడ నేర్చుకుంటారు?

దిగులు రోజుల తరబడి తగ్గకపోతే, తిండీ నిద్రా చెడితే, బడిలోని సలహా టీచరును గానీ పిల్లల డాక్టరును గానీ కలవండి. పిల్లలు తామే మాట్లాడటానికి జర్మనీ అంతటా 116111 అనే ఉచిత ఫోను నంబరుంది, పేరు చెప్పనక్కరలేదు. "నలుగురూ ఏమనుకుంటారో" అన్న జంకు మాత్రం వద్దు. ఆ నలుగురిలో మనమూ ఉన్నాం. మనం ఏమీ అనుకోకపోతే సగం సమస్య తీరినట్టే.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. నిజమే, కానీ అడగడానికి పిల్లల దగ్గర మాటలుండాలి కదా! వచ్చే టర్మ్ నుంచి ఆ మాటలు నేర్పడం మొదలుపెడదాం. రచ్చబండకి పది నిమిషాలు ఇవ్వమని తల్లిదండ్రులందరికీ మా మనవి.